ఉపగ్రహాలుండగా విమానం ఎందుకు దొరకదు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. పైలట్‌ను అంతకంటే కాను. 1973లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2010లో హెడ్ క్లర్కుగా దిగిపోయినవాణ్ణి. విమానం ఎక్కింది జీవితంలో రెండే రెండు సార్లు, అదీ మా అమ్మాయి టిక్కెట్టు కొనబట్టి. అటువంటివాడు విమానాల గురించి మాట్లాడడమేమిటని మీకు అనుమానం రావడం సహజం. కారణం మనవి చేస్తాను.

మన నెలవారీ సమావేశంలో ఒకసారి మలేషియా విమానం ప్రస్తావన వచ్చింది. మన మిత్రులొకరు లేచి, "మా మనవడు సెల్ ఫోన్లో మా ఇంటి పెరట్లోని కొబ్బరిచెట్టు చూపిస్తున్నాడండీ, పైనుంచి ఉపగ్రహం తీసిన ఫొటోనట. కొబ్బరిచెట్టు కనపడ్డప్పుడు అంత పెద్ద విమానం కనపడదా? ఏదో దాస్తున్నారు" అన్నారు. చాలామంది తలలూపారు. నిజం చెప్పాలంటే నేనూ ఊపాను. ఇంటికి వెళ్ళాక మనసు ఒప్పుకోలేదు. ముప్పై ఏడేళ్ళు రికార్డుల మధ్య బతికినవాణ్ణి. ఒక వస్తువు కనపడకపోవడానికి దాచడం ఒక్కటే కారణం కాదని నాకు బాగా తెలుసు. అందుకని దొరికినవన్నీ చదివాను. కార్యదర్శిగారు ఆ చదివింది పదిమందికీ చెప్పమన్నారు.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2014 మార్చి 8వ తేదీ అర్ధరాత్రి దాటి సుమారు ముప్పావు గంటకు మలేషియా ఎయిర్‌లైన్స్ వారి 370 నంబరు విమానం కౌలాలంపూర్ నుంచి చైనా రాజధాని బీజింగ్‌కు బయలుదేరింది. బోయింగ్ 777 రకం, దాదాపు 64 మీటర్ల పొడవు. సిబ్బందితో కలిపి 239 మంది ఉన్నారు. వారిలో ఐదుగురు మన భారతీయులు. రాత్రి 1 గంట 19 నిమిషాలకు విమానం నుంచి శుభరాత్రి చెబుతూ చివరి మాట వినిపించింది. మరో రెండు నిమిషాలకు పౌర విమానయాన రాడార్ తెరమీద నుంచి అది మాయమయింది.

ఇక్కడ మొదటి సంగతి. రాడార్ ఉంటే ఆకాశంలో విమానాలన్నీ కనపడతాయని మనం అనుకుంటాం. రాడార్ చూపు కొన్ని వందల కిలోమీటర్లే. భూమి గుండ్రంగా ఉంది గనుక ఆ తర్వాత చూపుకు అడ్డం వస్తుంది. నడి సముద్రంలో రాడార్ ఉండదు. పైగా పౌర విమానయానంవారు ప్రధానంగా ఆధారపడేది విమానం తనంతట తాను ఇచ్చే జవాబుమీద. "ఎవరు నువ్వు?" అని రాడార్ అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం "ఫలానా నంబరు, ఇంత ఎత్తున ఉన్నాను" అని బదులిస్తుంది. అది పలకకపోతే తెరమీద పేరూ లేదు, నంబరూ లేదు. ఆ రాత్రి పలకలేదు.

సైనిక రాడార్ మాత్రం పేరులేని ఒక చుక్కను పట్టుకుంది. విమానం వెనక్కి తిరిగి, మలేషియా భూభాగం దాటి, పడమరగా మలక్కా జలసంధి మీదుగా పోయింది. 2 గంటల 22 నిమిషాలకు ఆ చుక్క కూడా చూపు దాటిపోయింది. అండమాన్ సముద్రం వైపు ముఖం పెట్టిన విమానం ఆ తర్వాత ఎటు పోయిందో చూసిన కన్ను లేదు.

"మరి జీపీయస్ ఉంది కదా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. మన ఊరి డాల్ఫిన్స్ నోస్ కొండమీద లైట్‌హౌస్ మీకందరికీ తెలుసు. ఓడలోని మనిషి ఆ దీపాన్ని చూసి తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. కానీ ఆ దీపాన్ని ఏ ఓడవాడు చూశాడో లైట్‌హౌస్ కాపలాదారుకు తెలియదు కదా! జీపీయస్ అంతే. దానివల్ల విమానానికి తన స్థానం తెలుస్తుంది. ఆ స్థానం మనకు తెలియాలంటే విమానం వేరే దారిలో కబురు పంపాలి. ఆ కబుర్లు పంపే ఏర్పాట్లు ఆ రాత్రి మూగబోయాయి.

ఇక ఉపగ్రహాలు. ఉపగ్రహం అంటే ఆకాశంలో కూర్చుని రాత్రింబవళ్ళు భూమి అంతటినీ కన్నార్పకుండా చూస్తూ ఉండే దేవుడి కన్ను అని మన ఊహ. అలాంటి ఉపగ్రహం లేదు. కొన్ని ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టుంటాయి. టీవీలో తుఫాను మేఘాలు చూపించేవి, టెలిఫోను మాటలు మోసేవి ఇవే. అంత ఎత్తునుంచి తుఫాను కనపడుతుంది గాని విమానం కనపడదు. రెండో రకంవి ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ దగ్గరి ఫొటోలు తీస్తాయి. మన ఇస్రోవారి కార్టోశాట్-2 సంగతే తీసుకోండి. 2007లో శ్రీహరికోట నుంచి పంపారు. మీటరు కంటే చిన్న వస్తువు కూడా దాని ఫొటోలో తెలిసేది. కానీ అది ఒక్క పోకలో చూసే పట్టీ వెడల్పు పది కిలోమీటర్లు కూడా ఉండేది కాదు. సన్నగా చూసే కన్నుకు వెడల్పు తక్కువ. వెడల్పుగా చూసే కన్నుకు సన్నని వస్తువు ఆనదు. భూతద్దం పెట్టి వార్తాపత్రిక చదివే మనబోటివాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అక్షరం పెద్దదవుతుంది, పేజీ కనపడదు.

మరి కొబ్బరిచెట్టు ఎలా కనపడింది? ఊళ్ళకు, పట్టణాలకు పటాలు కావలసినవాళ్ళున్నారు. మబ్బులేని రోజు చూసి తీసిన ఫొటోలను ఏరి, అతికి, ఫోన్లో పెడతారు. మనవడు చూపించింది ఈరోజు చెట్టు కాదు, ఏ ఆరు నెలల నాటిదో, రెండేళ్ళ నాటిదో. చెట్టు కదలదు గనుక పరవాలేదు. మనుషులు లేని నడి సముద్రాన్ని రోజూ అంత దగ్గరగా ఫొటో తీయించే అవసరం ఎవరికుంది? ఎక్కడ తీయాలో ముందు చెబితేనే ఉపగ్రహం తీస్తుంది. అప్పుడు కూడా మబ్బు ఉంటే కనపడదు, రాత్రి అయితే కనపడదు. మబ్బుల గుండా చూసే రాడార్ ఉపగ్రహాలున్నాయి గాని, వాటి ఫొటోలో విమానం తోక ఏదో, అల ఏదో విడదీయడం అంత తేలిక కాదు.

ఇది సముద్రానికే పరిమితం కాదు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్లో బయలుదేరారు. ఆరోజు రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చున్న సంగతి మీరెవ్వరూ మరిచిపోయి ఉండరు. బయలుదేరిన చోటు తెలుసు, వెళ్ళవలసిన చోటు తెలుసు, దారి తెలుసు. వైమానిక దళం వచ్చింది, ఇస్రో సాయం తీసుకున్నారు, పోలీసులు, ఊళ్ళ జనం నల్లమల అడవిలోకి నడిచారు. అయినా వర్షంలో, మబ్బులో, చెట్లమధ్య జాడ తెలియడానికి మర్నాటి ఉదయం దాకా పట్టింది. చివరకు కొండమీద శకలాలను చూసింది హెలికాప్టర్లలో తిరిగిన మనుషుల కళ్ళే. మన ఇంటి పక్క అడవిలోనే అంత కష్టమైతే హిందూ మహాసముద్రం మాట చెప్పాలా?

మలేషియా విమానం దగ్గరికి వద్దాం. మొదటి వారంలో ఎక్కువ భాగం వెతుకులాట దక్షిణ చైనా సముద్రం వైపు జరిగింది, విమానం అటు వెళ్ళవలసింది గనుక. ఆ లోపల, ఇంగ్లండులోని ఇన్మార్‌శాట్ అనే ఉపగ్రహ కంపెనీ తమ కంప్యూటర్ రికార్డు తెరిచి చూసింది. హిందూ మహాసముద్రం మీద నిలిచి ఉన్న వారి ఉపగ్రహం ఒకటి మాటలు మోసే రకం. ఫొటోలు తీయదు. ఒక గంటసేపు విమానం నుంచి ఏ సందేశమూ రాకపోతే కిందనున్న స్టేషన్ దాని ద్వారా "ఉన్నావా?" అని అడుగుతుంది. విమానంలోని పరికరం "ఉన్నాను" అంటుంది. అంతే సంభాషణ.

మనకు దీని సంగతి బాగా తెలుసు. ప్రతి నవంబరులోనూ మనం బ్యాంకుకు వెళ్ళి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇదే కదా! ఫలానా పెన్షనరు బతికి ఉన్నాడు అని అందులో ఉంటుంది. పొద్దున్న ఎక్కడున్నాడు, సాయంత్రం ఎటు వెళ్ళాడు అని ఉండదు. ఆ విమానం కూడా రాడార్ చూపు దాటాక 2 గంటల 25 నిమిషాలనుంచి తెల్లవారి 8 గంటల 19 నిమిషాల దాకా ఇలా లైఫ్ సర్టిఫికెట్లు ఇస్తూనే ఉంది. అంటే అందరూ దక్షిణ చైనా సముద్రంలో పడిపోయిందనుకున్న విమానం ఆ తర్వాత ఆరేడు గంటలు ఎగురుతూనే ఉంది!

ఆ ఇంజనీర్లు "ఉన్నాను" అన్న ఒక్క ముక్కలోంచే చిరునామా లాగడానికి ప్రయత్నించారు. జవాబు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఉపగ్రహం నుంచి విమానం ఎంత దూరమో లెక్కకట్టారు. కానీ దూరం తెలిస్తే దిక్కు తెలియదు. మేకును రాటకు కట్టిన తాడంత దూరాన ఎటైనా ఉండవచ్చన్నట్టు, భూమిమీద ఒక పెద్ద వలయం వచ్చింది. అందులో విమానం ఇంధనంతో చేరగలిగిన ముక్క ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. రైలు మనవైపు వస్తుంటే కూత సన్నగా, దాటిపోతుంటే బొంగురుగా వినపడుతుంది చూడండి, అలాగే జవాబు తరంగంలో కలిగిన స్వల్పమైన మార్పును బట్టి, అది దక్షిణంగానే వెళ్ళిందని తేల్చారు. మార్చి 24న మలేషియా ప్రధానమంత్రి ఆ మాట ప్రకటించారు. చివరి జవాబుకు గీసిన వలయాన్ని ఏడో చాపం అంటారు. ఇంధనం అయిపోయాక విమానం ఆ గీత దరిదాపుల్లోనే సముద్రంలో పడి ఉంటుందని అంచనా. ఆ గీత పొడవు వేల కిలోమీటర్లు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, ఆ జవాబుల రికార్డులో విమానం స్థానం ఎక్కడా రాసి లేదు. కంప్యూటర్లో నమోదయిన లెక్కలు మాత్రమే. అందులో ఒక దిక్కు దాగి ఉందని ఎవరికో తోచి తెరిచి చూస్తేనే తెలిసింది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను.

సరే, గీత తెలిసింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి విమానాలు గంటల తరబడి ఎగిరి అక్కడికి చేరి, కాసేపు వెతికి, తిరుగు ప్రయాణానికి ఇంధనం మిగుల్చుకుని వెనక్కి వచ్చేవి. సముద్రం పైభాగం మన దేశం కంటే ఎక్కువ విస్తీర్ణం గాలించారు. ఉపగ్రహాల ఫొటోలలో ఏవో తేలుతున్నాయని చైనా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, థాయిలాండ్ దేశాలవారు ప్రకటించారు. లక్షలాది సామాన్యులు ఇళ్ళలో కంప్యూటర్ల ముందు కూర్చుని ఫొటోలు పరిశీలించి పెట్టారు. అలల నురగ తెల్లగా కనిపిస్తుంది, సముద్రంలో కొట్టుకుపోయే చెత్త తెల్లగానే కనిపిస్తుంది, విమానం ముక్క కూడా తెల్లనిదే. ఓడ అక్కడికి చేరేసరికి రోజులు గడుస్తాయి, ప్రవాహం దాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది. ఆ వెతుకులాటలో విమానానిదని తేలిన ముక్క ఒక్కటీ దొరకలేదు.

తేలేవి ఇలా పోతే మునిగినవాటి సంగతి వేరు. నీటి లోపలికి వెలుతురు కొన్ని వందల మీటర్లు మించి పోదు. రేడియో తరంగాలు చొరవు. అంటే విమానం ఒకసారి మునిగిందంటే, ఆకాశంలోని ఉపగ్రహాలన్నీ కలిసినా దాన్ని చూడలేవు. అక్కడ పనిచేసేది శబ్దం ఒక్కటే. బ్లాక్ బాక్సుకు టిక్కు టిక్కుమనే ఒక పరికరం కట్టి ఉంటుంది. అది వినపడేది రెండు మూడు కిలోమీటర్లు, బ్యాటరీ ఉండేది అప్పట్లో ముప్పై రోజులు. సముద్రం లోతు అక్కడ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. సరిగ్గా నెత్తిమీదికి వెళ్ళి నిలబడితే తప్ప వినపడదు. ఆ ముప్పై రోజులూ గడిచిపోయాయి.

అప్పుడు శబ్ద తరంగాలతో సముద్రపు అడుగును దున్నినట్టు వెతకడం మొదలుపెట్టారు. 2017 జనవరి 17న ఆపేనాటికి 1,20,000 చదరపు కిలోమీటర్లు వెతికారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే కంపెనీ, దొరికితేనే డబ్బులివ్వండి అనే షరతుమీద మరో 1,12,000 చదరపు కిలోమీటర్లు వెతికింది. తెలంగాణ రాష్ట్రం విస్తీర్ణం సరిగ్గా అంతే ఉంటుంది. ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా ప్రతి చేనూ, ప్రతి గట్టూ, చీకట్లో, నాలుగు కిలోమీటర్ల ఎత్తునుంచి తాడు వేలాడదీసి తడిమినట్టు ఊహించుకోండి. వాళ్ళు సరిగా వెతకలేదనడానికి వీల్లేదు. 19వ శతాబ్దంలో మునిగిన ఓడల శిథిలాలు వాళ్ళకు కనపడ్డాయి. విమానం కనపడలేదు.

ముక్కలు దొరికింది ఎక్కడో తెలుసా? 2015 జూలై 29న ఆఫ్రికా దగ్గరి రీయూనియన్ ద్వీపంలో రెక్కకు సంబంధించిన ఒక భాగం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని చూసింది ఉపగ్రహం కాదు. సముద్రపు ఒడ్డు శుభ్రం చేసే పనివాళ్ళు. విమానం పోయి పదహారు నెలలయింది అప్పటికి. ఇంత జరిగాక 2025లో మలేషియా ప్రభుత్వం అదే కంపెనీతో మరో 15,000 చదరపు కిలోమీటర్లు వెతకడానికి మళ్ళీ ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

పోల్చడానికి ఇంకొకటి చెబుతాను. 2009 జూన్ 1న బ్రెజిల్ నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్ సముద్రంలో పడిపోయింది. 228 మంది పోయారు. ఆ విమానం చివరి నిమిషాల దాకా తన స్థానాన్ని పంపుతూనే ఉంది. తేలే ముక్కలు వారం లోపలే దొరికాయి. అయినా అడుగునున్న ప్రధాన భాగం దొరికింది 2011 ఏప్రిల్‌లో, దాదాపు రెండేళ్ళకు. దొరికిన చోటు చివరగా తెలిసిన స్థానానికి పన్నెండు కిలోమీటర్ల దూరం మాత్రమే! చిరునామా తెలిసిన ఇంటికే రెండేళ్ళు పడితే, చిరునామా లేని ఇంటికి ఎన్నేళ్ళు పడుతుంది?

కాబట్టి నాకు అర్థమయింది ఇది. వెతకడమంటే చూడడం కాదు, ఎక్కడ చూడాలో తెలియడం. మన రికార్డు రూములో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. ఫైలు పోయిందంటే మొదట బీరువాలు తెరవం. మూవ్‌మెంట్ రిజిస్టరు తెరుస్తాం. చివరిసారి ఏ సీటుకు వెళ్ళింది, ఎవరు సంతకం పెట్టారు అని చూస్తాం. ఆ పద్దు లేకపోతే బీరువాలన్నీ ఖాళీ చేసినా ఆ ఫైలు దొరకదు. విమానం విషయంలోనూ పోయింది ఆ చివరి పద్దే. ఆ తర్వాత అంతర్జాతీయంగా నిబంధన మార్చారు. 2018 నుంచి సముద్రం మీద పోయే విమానాల స్థానం పదిహేను నిమిషాలకొకసారైనా నమోదు కావాలి. నీటిలో టిక్కుమనే పరికరం తొంభై రోజులు పనిచేయాలి. మూవ్‌మెంట్ రిజిస్టరు సరిచేశారన్నమాట.

ఇక మన ఊరి సంగతి. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళం వారి ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది మన విశాఖలో పనిచేసే రక్షణశాఖ సివిలియన్ ఉద్యోగులు. అంటే మన లాంటివాళ్ళు. మస్టరు రోల్లో సంతకం పెట్టి, టూరు మీద వెళ్ళినవాళ్ళు. నౌకలు, విమానాలు, జలాంతర్గామి, ఉపగ్రహాలు అన్నీ వెతికాయి. రెండు నెలలలోపే, వారు మరణించినట్లు భావించవలసిందిగా కుటుంబాలకు తెలియజేశారు. 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత వాహనం తీసిన ఫొటోలలో ఆ విమానం శకలాలు కనిపించాయి. ఏడున్నర సంవత్సరాలు! దారి తెలిసిన విమానం, మన సముద్రం, మన తీరం.

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దానికి నా సొంత కారణం ఒకటుంది. ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు. ఈ సభలో చెప్పుకోవడం ధర్మమనిపించింది.

1984లో మా కార్యాలయంలో నైట్ వాచ్‌మన్ ఒకాయన ఒక ఉదయం డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరి, ఇంటికి చేరలేదు. భార్య పోలీసు కంప్లైంటు ఇచ్చింది. జాడ లేదు. జీతం ఆగిపోయింది. పెన్షన్ సెక్షను నా చేతిలో ఉండేది. ఆవిడ అర్జీ పెట్టుకుంటే "మరణ ధ్రువపత్రం జతపరచలేదు" అని అభ్యంతరం రాసి తిప్పి పంపాను. రూలు అదే. ఏడేళ్ళపాటు కబురు లేకపోతేనే మనిషి చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. ఆ ఏడేళ్ళ నియమం నేటి చట్టంలోనూ ఉంది. మూడుసార్లు అర్జీ పెట్టింది, మూడుసార్లూ అదే రాశాను. మూడోసారి ఆవిడ నా బల్ల దగ్గర నిలబడి, "పోయాడని నేనెలా రాసిచ్చేది బాబూ? చూసినోళ్ళు లేరు. ఉన్నాడంటే మీరు జీతమియ్యరు. ఏదో ఒకటి మీరే రాసుకోండి బాబూ" అంది. నేను తలెత్తకుండా "రూలమ్మా" అన్నాను.

1986 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఉద్యోగి కనపడకుండా పోతే, పోలీసు రిపోర్టు, ఆచూకీ దొరకలేదన్న పోలీసుల పత్రం, ఒక ఇండెమ్నిటీ బాండు తీసుకుని, ఏడాది గడిచాక కుటుంబ పెన్షన్ ఇవ్వవచ్చు. మరణ ధ్రువపత్రం అక్కర్లేదు. తర్వాతి కాలంలో ఆ ఏడాదిని ఆరు నెలలు చేశారు. ఆ ఉత్తర్వు మా కార్యాలయానికి వచ్చింది. టపాలో నేనే అందుకున్నాను, నేనే సంతకం పెట్టాను, నేనే గార్డు ఫైల్లో కుట్టాను. చదవలేదు. ఆ తర్వాత కూడా ఆవిడ రెండుసార్లు వచ్చింది. నేను పాత మాటే చెప్పాను. పద్నాలుగు నెలల తర్వాత కొత్తగా చేరిన కుర్ర గుమాస్తా ఒకడు వేరే కాగితం కోసం ఆ ఫైలు తిరగేస్తూ, "సార్, ఇది ఆ వాచ్‌మన్ భార్యకు పనికొస్తుందేమో చూడండి" అన్నాడు.

ఇన్మార్‌శాట్ వాళ్ళ రికార్డు సంగతి మళ్ళీ వస్తానన్నాను కదా. వాళ్ళు తమ కాగితాలు తెరిచి చూడడానికి కొద్ది రోజులు పట్టింది. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆవిడ నాలుగిళ్ళలో అంట్లు తోమి పిల్లల్ని సాకింది. నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. మెమో రాలేదు. ఫైల్లో చూస్తే అంతా సక్రమంగానే ఉంటుంది.

కాగితాలన్నీ నేనే రాయించి, సంతకాలకు ఆవిడను పిలిపించాను. పెన్షన్ వస్తుందమ్మా అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ కాగితం వైపు చూస్తూ, "అయితే ఆయన లేనట్టేనా బాబూ?" అంది.

"కాదమ్మా. ఇందులో చనిపోయాడని ఎక్కడా లేదు. కనిపించుట లేదు అనే ఉంది. ఆయన తిరిగి వస్తే తీసుకున్న డబ్బు వాపసు కడతానని నువ్వు బాండు రాస్తున్నావు, అంతే" అన్నాను.

అప్పుడు నవ్వింది. "వస్తే వడ్డీతో కడతాను బాబూ" అని వేలిముద్ర వేసింది.

ఆయన రాలేదు.

మలేషియా ప్రభుత్వం 2015 జనవరి 29న దాన్ని ప్రమాదంగా ప్రకటించి, విమానంలోని 239 మందీ మరణించినట్లు భావించాలంది. నష్టపరిహారాలకు ఆ ప్రకటన అవసరం. అయినా కుటుంబాలవారు వెతకమని అడుగుతూనే ఉన్నారు. "ఇంకా దేనికి ఆ ఖర్చు?" అని మనలో కొందరు అంటుంటారు. నేను అనలేను. కాగితంమీద "భావించడమైనది" అని రాయడం గుమాస్తాకు తేలిక. ఇంట్లో రెండో కంచం తీసి లోపల పెట్టడం ఆ మనిషికి తేలిక కాదు. బంగాళాఖాతంలో ఏడున్నరేళ్ళ తర్వాత ఫొటోలో కనపడ్డ ఇనుపముక్క ఆ కుటుంబాలకు ఎవర్నీ తిరిగి ఇవ్వలేదు. కానీ ఎక్కడున్నారన్న ప్రశ్నకు ఒక జవాబు ఇచ్చింది. అదీ చిన్న విషయం కాదు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఎవరైనా "అన్ని ఉపగ్రహాలుండి కనపడదా, దాస్తున్నారు" అంటే, సముద్రం ఎంత పెద్దదో, ఉపగ్రహం చూపు ఎంత సన్ననిదో చెప్పండి. ఇక మన వంతు పని కూడా ఒకటుంది. మన పీపీఓ కాగితం, బ్యాంకు పుస్తకం, నామినేషన్, భార్యాభర్తల జాయింటు ఫొటో ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్ళకు ఈ రాత్రే చూపించండి. బయటికి వెళ్ళేటప్పుడు ఎక్కడికి వెళుతున్నామో చెప్పి వెళదాం. మన వయసులో మతిమరుపు వచ్చి దారి తప్పినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి పెట్టుకోవడం నామోషీ కాదు. మన చివరి పద్దు మనమే రాసి ఉంచుదాం.

సర్వీసులో ఉన్న పిల్లలెవరైనా ఈ సంచిక చదివితే వారికొక మాట. టపాలో వచ్చిన కాగితాన్ని కుట్టేముందు ఒక్కసారి చదవండి. బల్ల అవతల ఎవరు నిలబడి ఉన్నారో మనకు తెలియదు.